4.3 ‘శంకరాభరణం’ పాటలు: గాత్రం, పాత్ర

సినిమా పాటల రికార్డు సాహిత్య విమర్శలాగే పరిశీలనకు నిలుస్తుందా? 1980లో విడుదలైన ‘శంకరాభరణం’ పాటలను తీసుకోండి. ఇందులో శంకరశాస్త్రి గొంతు నెల్లూరు బిడ్డ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానిది. తండ్రి సాంబమూర్తి హరికథకులే అయినా, బాలు పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్వలేదు. అందుకే మొదట వెనుకాడారు. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ సహాయకుడు పుహళేంది ఆ పాటలను ఆయనకు ఓపికగా నేర్పారు. ముందు సాహిత్యం, ఆ తర్వాతే వరుస అన్నది మహదేవన్ పద్ధతి. వేటూరి రాసిన పాటల్లో మాట విరగకుండా స్వరంలో ఒదగడానికి అదొక కారణం.

ఇది కచేరీ సంగీతం కాదనే ఆక్షేపణ ఉంది. నిజమే, కాదు. అయితే ఆ కొలబద్ద ఇక్కడ సరిపోదు. మధ్యమావతిలోని శివస్తుతిని దృశ్యం చూడకుండా వినండి. రాగాన్ని విస్తరించే తీరిక అందులో లేదు. ఉన్నది ఒక పెద్ద విద్వాంసుడి పంతం. 34 ఏళ్లు నిండని గాయకుడు దాన్ని గొంతుతో నటించారు. (నటన అన్న మాటను తక్కువ చేసి వాడటం లేదు.) ఈ చిత్రానికి బాలు, వాణీ జయరాం, మహదేవన్ ముగ్గురికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. వాటిని మీ విమర్శకు ఆధారం చేసుకోకండి. గొంతు పైస్థాయికి వెళ్ళినచోట అక్షరం స్పష్టంగా వినిపిస్తున్నదో లేదో పరీక్షించి, మీ మాటల్లో రాయండి.