వృషభగిరి మీద అన్నదమ్ముల కావ్యం

చొప్పదండి నుంచి రామడుగు మీదుగా గంగాధర వైపు పోతుంటే గుట్టలు ఒక్కొక్కటే దగ్గరికి వస్తాయి. వరిమళ్లు, మక్కచేన్లు, పత్తిచేన్లు, నడుమ ఒక కుంట, కట్ట మీద తాళ్లు, ఆ వెనుక మళ్లీ ఒక బోడగుట్ట. మాఘం పోయి ఫాల్గుణం వస్తుందనగా ఈ బాటల వెంట మోదుగు పూస్తుంది. అప్పుడు రావాలి. రామడుగులో రాతిని చెక్కి దేవుళ్లను చేసే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ నేలలో మట్టి పైపొర మాత్రమే, కింద ఉన్నదంతా బండే. ఆ సంగతి తెలిసిన చేతులు ఇక్కడ వెయ్యేళ్లకు ముందే ఉన్నాయనడానికి కురిక్యాల గుట్టే గుర్తు. దారి అడిగితే "బొమ్మలమ్మ గుట్టకా? గీ బాట వట్టి పోండ్రి" అంటారు. శాసనంలో దాని పేరు వృషభగిరి.

చాలామంది ఈ గుట్టను ఒక తేదీ కోసమే తలుచుకుంటారు. క్రీస్తుశకం 945 ప్రాంతంలో జినవల్లభుడు వేయించిన శాసనం ఇక్కడ ఉంది. అందులో మూడు కందపద్యాలున్నాయి. తెలుగులో ఇప్పటిదాకా దొరికిన కందాల్లో ఇవే మొదటివి, నన్నయ భారతానికి నూరేళ్ల ముందటివి. తెలుగుకు ప్రాచీన భాష హోదా అడిగినప్పుడు ఈ శాసనం పేరు గట్టిగా వినిపించింది, 2008లో హోదా వచ్చింది. అదంతా నిజమే, గర్వపడదగిందే. కానీ సాక్ష్యంగా పనికొచ్చిన తర్వాత శాసనాన్ని ఫైల్లో పెట్టి కట్టేశాం. దాన్ని పద్యంగా, గుట్టగా, ఒక మనిషి మనసుగా చూడటం ఇంకా మొదలుపెట్టనే లేదు.

బండ ముందు నిలబడి చూడండి. నడుమ జైన యక్షిణి చక్రేశ్వరి, ఎనిమిది చేతులతో. ఆమెకు ఇటూ అటూ తీర్థంకరులు, దిగంబరంగా, కదలిక లేకుండా. ఆమె చేతుల్లో ఎంత సందడి ఉందో వాళ్ల దేహాల్లో అంత నిశ్శబ్దం ఉంది. ఆ రెండింటినీ ఒకే బండ మీద పక్కపక్కన నిలపడంలోనే శిల్పి ప్రతిభ అంతా ఉంది. చక్రాలు తిప్పే అమ్మవారి మీద పడిన చూపు, ఏ ఆయుధమూ పట్టని ఆ చేతుల దగ్గరికి వచ్చేసరికి దానంతటదే నెమ్మదిస్తుంది. అలంకారికులు శాంతరసాన్ని ఒప్పుకోవాలా వద్దా అని శతాబ్దాల పాటు వాదించుకున్నారు. ఈ బండ ముందు కొంచెంసేపు నిలబడితే ఆ వాదం అక్కర్లేదనిపిస్తుంది. గుడిలో విగ్రహానికి గర్భాలయం, తలుపు, చీకటి ఉంటాయి. ఇక్కడ అవేవీ లేవు. ఎండ పడితే ఎండలో, వాన పడితే వానలో అలాగే ఉంటారు. తడిసిన రోజున రాయి నల్లబడి గీతలు తేరుకుంటాయి. ఊరివాళ్లు ఆమెను బొమ్మలమ్మ అన్నారు. జైనుల యక్షిణి మనూరి అమ్మ అయింది. అందులో తప్పేమీ కనబడదు నాకు. అలా దగ్గర చేసుకున్నారు గనుకనే ఆమె ఇన్నాళ్లు నిలిచిందేమో.

ఈ చక్రేశ్వరి ఎవరి యక్షిణి? మొదటి తీర్థంకరుడైన ఆదినాథునికి. ఆయననే వృషభనాథుడంటారు, గుట్ట పేరూ అందుకే వృషభగిరి. ఇక్కడే కథ లోతెక్కుతుంది. జినవల్లభుని అన్న పంపకవి, కన్నడిగులు ఆదికవిగా కొలిచే పంపడు. వీళ్లది వేంగినాడు, కమ్మనాటి వంగిపఱ్ఱు. తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె. తండ్రి జైనం పుచ్చుకున్నాడు. కుటుంబం ఇటు సబ్బినాడుకు, అంటే ఈ సీమకు వచ్చి వేములవాడ చాళుక్యుల నీడన నిలిచింది. పంపడు రెండో అరికేసరి ఆస్థానకవి. తన రాజును అర్జునుడిగా నిలిపి విక్రమార్జున విజయం రాశాడు, రాజు ధర్మవురం అగ్రహారమిచ్చాడు. అదే పంపడు 941లో ఆదిపురాణం ముగించాడు. ఆ కావ్యం వృషభనాథుని కథే.

అన్న కన్నడంలో రాసింది తమ్ముడు గుట్ట మీద చెక్కించాడు. ఒకే దేవుడు, ఒకే కాలం, ఒకే ఇల్లు. సాహిత్య చరిత్రల్లో ఆదిపురాణం ఒక పుస్తకంలో, కురిక్యాల శాసనం మరో పుస్తకంలో ఉంటాయి. భాషలు వేరు గనుక అలమరలూ వేరయ్యాయి. నా మట్టుకు వాటిని విడదీసి చదవడం రసహాని.

జినవల్లభుడు చేయించినవాటిని శాసనమే చెబుతుంది. సబ్బినాడు నట్టనడుమ, ధర్మవురానికి ఉత్తరాన ఉన్న ఈ గిరి మీద చక్రేశ్వరిని, జినుల బింబాలను చెక్కించాడు. త్రిభువనతిలకమనే బసది, అంటే జైనాలయం, కట్టించాడు. మదనవిలాసమనే తోట వేయించాడు. ఒక చెరువు తవ్వించాడు. ఆ చెరువుకు పెట్టిన పేరు కవితాగుణార్ణవం. ఈ పేరు దగ్గర నేను ఆగిపోతాను. అది పంపకవి బిరుదు. రాజుకు గుణార్ణవుడన్న బిరుదుంది, కవి కవితాగుణార్ణవుడయ్యాడు. తమ్ముడు ఆ మాటను తీసుకుని నీళ్లకు పెట్టాడు. అన్న కావ్యం చదవని రైతు కూడా పొద్దున లేచి ఆ పేరే చెప్పాలి, ఆ నీళ్లే మడికి పెట్టుకోవాలి. ఒక కవికి మరో మనిషి చేసిన గౌరవాల్లో దీనికి సాటివచ్చేది నేనెక్కడా వినలేదు.

ఇక పద్యాలు. శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. దేవభాష శాస్త్రానికి, కన్నడం రాజాస్థానానికి, తెలుగు ఈ నేలకు. మూడు భాషలు తెలిసిన ఇల్లు గనుక ఏది ఎక్కడ పలకాలో వాళ్లకు పట్టుబడింది. తెలుగు వంతు వచ్చినప్పుడు జినవల్లభుడు ఎంచుకున్నది కందం. చిన్న పద్యం. మొదటి పాదంలో మూడు గణాలు, రెండోదానిలో ఐదు, మళ్లీ మూడు, మళ్లీ ఐదు. గణానికి నాలుగు మాత్రలు. రెండేసి పాదాలు కలిపి లెక్కపెడితే బేసి గణంగా జగణం రాకూడదు, ఆరోది నలమో జగణమో కావాలి, సరిపాదం చివర గురువుండాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య మాట సూటిగా రావడం కష్టం. అందుకే కందం రాయనివాడు కవి కాడన్న మాట పుట్టింది. బండ మీద చెక్కే పద్యానికి ఇంతకన్న తగిన కొలత లేదు. ఉలితో అక్షరం దింపేవాడికి ఒక్క మాట ఎక్కువైనా బరువే. గుట్ట ఎక్కుతూ దాన్ని చదివి చూడండి: పొట్టి పాదం దగ్గర ఊపిరి పీల్చుకుని, పొడుగు పాదంతో ఒక మెట్టు పైకి వెళ్లినట్టుంటుంది.

మొదటి కందం అర్థం సాదా. జినాలయాలెత్తించడం, పూజలు చేయడం, మునులకు అన్నం పెట్టడం, వీటిలో జినవల్లభుణ్ని పోలినవాడెవడు అని అడుగుతుంది. జిన అన్న మాటే మళ్లీ మళ్లీ వచ్చి పద్యం జపంలా సాగుతుంది. నాకు ఇష్టం మూడోది. లోకంలో ఒక్కొక్కరికి ఒక్కో గుణముంటుందని, జినవల్లభుని గుణాలు లెక్కకు మిక్కిలని చెప్పే పద్యం. దాని ప్రాస క్క. నాలుగు పాదాల్లోనూ ఆ జంట అక్షరం గట్టిగా పడుతుంది. కాగితం మీద అది ప్రాస నియమం, రాతి ముందు పైకి చదివితే దానికి బరువొస్తుంది. ఇంకొకటి గమనించాలి. అన్న బిరుదులోనూ గుణమే, తమ్ముని పద్యంలోనూ గుణమే. చెరువు పేరు నుంచి పద్యం దాకా ఒకే మాట పారుతోంది. అది యాదృచ్ఛికమని నేను నమ్మను.

ఈ చుట్టుపక్కల చూడవలసినవి ఇంకా ఉన్నాయి. వేములవాడ దగ్గరే, కొండగట్టు దగ్గరే. జైన పండితుడు సోమదేవసూరి తన యశస్తిలక చంపువును 959లో గంగాధరలో ముగించానని చెప్పుకున్నాడు. ఆ గంగాధర ఇదేనని చెప్పే చరిత్రకారులున్నారు. పొలాల గట్ల మీద నడిచే మనిషికి ఇక్కడ కావ్యాల కొదవ లేదు.

కానీ వాటి దగ్గరికి పోయే బాట సంగతే ఎవరూ ఎత్తరు. ఇంగ్లాండు పల్లెల్లో పొలాలకు అడ్డంగా పోయే పాత కాలిబాటలకు చట్టం రక్షణ ఉంది. అవి పటాల్లో గీసి ఉంటాయి, పొలం ఎవరిదైనా నడిచేవాణ్ని ఆపకూడదు. ఒక పాత చర్చి, ఒక పాడుబడ్డ కోట చూడ్డానికి అక్కడి జనం పిల్లల్ని వెంటేసుకుని మైళ్లు నడుస్తారు. మన దగ్గర తొలి కందం దగ్గరికి పోయే బాట కూడా అడిగి తెలుసుకోవలసిందే. గంగాధర చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలున్నాయి. కరీంనగర్ రాయికి దేశదేశాల్లో గిరాకీ ఉంది. ఆ పనిమీద బతికే కుటుంబాలున్నాయి, వాళ్ల కూడు తీసెయ్యమని నేననను. అయితే పేల్చిన గుట్ట మళ్లీ మొలవదు. ఈ ఒక్క గుట్టకు, దాని చుట్టూ తగినంత నేలకు ఏ తవ్వకమూ రాకుండా గట్టి హద్దు రాళ్లు పాతాలి. కింద ఒక పలక మీద మూడు పద్యాలూ అర్థంతో సహా నేటి లిపిలో రాసిపెట్టాలి.

చొప్పదండి, రామడుగు, గంగాధర బడుల్లోని తెలుగు పంతుళ్లకు నాదొక విన్నపం. కందపద్య లక్షణం చెప్పే రోజున నల్లబల్ల మీద గణాలు వేయడం ఆపి, పిల్లల్ని కురిక్యాల తోలుకపోండి. పాఠం అక్కడే చెప్పండి.