జ్ఞానదంతము: తీయవలెనా, ఉంచవలెనా?

పదునెనిమిదవ యేటి ప్రాంతమున మొలవవలసిన జ్ఞానదంతము చోటు చాలక దవడ యెముకలో ఇరుకుకొనుట కలదు. బాధ లేకున్నను ముందుజాగ్రత్తకని దానిని కోసి తీయు ఆచారమును మానవలెనని బ్రిటనులోని నైస్ సంస్థ 2000లో నిర్దేశించెను. ఇది మెచ్చదగినదే. క్రింది దవడ నరము ఆ దంతమూలములకు చేరువనే పోవును. దానికి దెబ్బ తగిలినచో పెదవి, గడ్డము మొద్దుబారును. వ్యాధి లేని పంటికై ఈ ముప్పేల?

అయితే అట్టి దంతములకు సాధారణముగా మామూలు పరీక్షలే చాలుననుట లోపము. పక్కకొరిగిన దంతము ముందుదానిని ఆనుకొన్నచో సందున ఆహారము నిలిచి, మంచి పన్నే పుచ్చవచ్చును. వయసు మీరినకొలది ఎముక గట్టిపడి శస్త్రచికిత్స కష్టతరమగును. కావున “తీయవద్దు” అన్నవారు “కనిపెట్టి చూడుడు” అనియు నొక్కి చెప్పవలసియుండెను.