అంకెలు పెరిగిన నాదము పెరుగునా?

విజయనగరములో మహారాజా సంగీత కళాశాల 1919లో స్థాపింపబడినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. ఆ సంవత్సరముననే ఫిడేలు ఆచార్యులుగా చేరి, 1936లో అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893–1964) కమాను పనితనము దక్షిణదేశమంతటను ప్రసిద్ధికెక్కినది. ఎదుట కూర్చుండి ఆ వాద్యమును విన్నవారు నేడు బహు కొద్దిమంది. తక్కినవారికి ఆ ఫిడేలు అనగా పాత 78 చుట్ల గ్రామఫోను రికార్డులనుండి కంప్యూటరులోనికి ఎక్కించిన ప్రతులే. ప్రతిలోని దోషము వాద్యకారుని దోషముగా చెల్లిపోవు ప్రమాదము ఇందు కలదు. అందుచేత ఇట్టి ప్రతులు ఎట్లు తయారగుచున్నవో, వానిని మనము ఎట్లు వినుచున్నామో విమర్శించి చూడవలసియున్నది.

ప్రతులను గూర్చి సాధారణముగా చెప్పుకొను గొప్ప యొక్కటి: “24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్.” అంకె పెద్దదైనకొలది నాదము మేలుగా నుండునని పలువురి నమ్మకము. దీని నిజమెంత?

కళింగపట్నము తీరమున నీటిలో గుర్తులు గీసిన కర్ర నొకదానిని పాతి, అలల ఎత్తును వ్రాసికొనుచున్నామనుకొందము. సెకనుకు ఎన్నిమారులు కొలిచితిమి, కర్రపై గుర్తులెంత దగ్గరగా నున్నవి అను రెండే విషయములు ముఖ్యము. శబ్దతరంగమును కంప్యూటరు కొలుచుటయు నిట్టిదే. మొదటి దానిని కిలోహెర్ట్జ్‌లలోను, రెండవదానిని బిట్లలోను చెప్పుదురు. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కులో సెకనుకు 44,100 కొలతలు, 16 బిట్లు, అనగా 65,536 గుర్తులు కలవు. తరంగములోని అత్యధిక పౌనఃపున్యమునకు రెట్టింపు కంటె ఎక్కువమారులు కొలిచినచో, ఆ కొలతలనుండి మొదటి తరంగమును యథాతథముగా తిరిగి నిర్మింపవచ్చును. ఈ సూత్రమునకు 1928లో నైక్విస్టు దారి చూపగా, 1949లో షానన్ దానిని స్పష్టముగా నిరూపించెను. మానవుని చెవికి వినిపించు గరిష్ఠ పౌనఃపున్యము సుమారు 20,000 హెర్ట్జ్ కనుక 44,100 కొలతలు చాలును. కొలతకును కొలతకును నడుమ నాదము జారిపోవునను భయమునకు ఆధారము లేదు.

ఒక్కొక్క బిట్టు సుమారు 6 డెసిబెల్ల వ్యాప్తినిచ్చును. ఆ లెక్కను 16 బిట్లకు 96 డెసిబెల్లు, 24 బిట్లకు 144 డెసిబెల్లు. కాని లక్క కలిసిన పాత రికార్డుపై ముల్లు రాచుకొనునపుడు బుస వచ్చును. ఆ బుసకును, వాద్యపు అత్యుచ్చధ్వనికిని నడుమ వ్యత్యాసము సుమారు 40 డెసిబెల్లు మాత్రమే. దానికి ఏడు బిట్లు సరిపోవును. మిగిలిన పదునేడు బిట్లు కొలుచునది బుసనే. నూకలు కలిసిన బియ్యమును బంగారపు త్రాసులో తూచినంతమాత్రమున నూకలు బియ్యమగునా? అయితే రికార్డును భద్రపరచుటకై ఎక్కించువారు 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ వాడుట సమంజసమే. తరువాత గీతల చప్పుళ్లను సవరించుటకు ఆ వెసులుబాటు ఉపకరించును. వినువారికి మాత్రము దానితో ప్రయోజనము మిక్కిలి స్వల్పము.

అసలు నష్టము ఇంతకు పూర్వమే జరుగుచున్నది. 78 చుట్ల రికార్డు గాడి వెడల్పైనది. దానికి కొన సుమారు 75 మైక్రానులుండు ముల్లు కావలెను. తరువాతి కాలపు లాంగ్‌ప్లే రికార్డులకై చేసిన సన్నని ముల్లును వాడినచో, అది గాడి ప్రక్కలను తాకక అడుగున ప్రాకి దుమ్మును, గరుకును మాత్రమే వినిపించును. ఇక వేగము. చుట్లు నూటికి ఆరు పెరిగినచో శ్రుతి ఒక స్వరస్థానము పైకి పోవును, కాలమును త్వరపడును. అట్టి ప్రతిని విని, విద్వాంసుడు ఏ శ్రుతిలో వాయించెనో, ఏ నడకలో వాయించెనో వాదించుట వ్యర్థము. బుసను తొలగించు సాఫ్టువేరు మూడవ ప్రమాదము. బుస యున్న పౌనఃపున్యములలోనే కమాను తీగపై రాచుకొనునపుడు పుట్టు అనుస్వరములును ఉండును. బుసను పూర్తిగా కోసినచో అవియు తెగును. నిశ్శబ్దము లభించును గాని కమాను మొద్దుబారును. ఇట్లు తయారైన ప్రతిని 128 కిలోబిట్ల ఎం.పి.3గా కుదించినచో, సి.డి. వాడు బిట్లలో సుమారు పదునొకండవ వంతు మాత్రమే మిగులును. పిమ్మట దానిని ఎంత పెద్ద అంకెలలోనికి మార్చినను పోయినది తిరిగి రాదు.

వినిపించుటలోను ఇట్టి తారుమారే కానవచ్చును. ల్యాప్‌టాపులోని చిన్న స్పీకరు మందరధ్వనులను పలికింపజాలదు. మృదంగపు ఎడమవైపు మూత దాదాపు మాయమగును. మంచి పెట్టె స్పీకర్లు గాని, చెవులకు పెట్టుకొను ఫోనులు గాని చేయు మేలు మరే మార్పును చేయదు. రెండు స్పీకర్లును, వినువాడును సమబాహు త్రిభుజమై, స్పీకర్లు చెవి ఎత్తున ఉండవలెను. గోడలు బోసిగా నున్న గదిలో తెరలు కట్టినచో ప్రతిధ్వని తగ్గును. అంకెలను విద్యుత్తుగా మార్చు డాక్ అను పరికరము కంప్యూటరు వెలుపల నున్నచో లోపలి విద్యుత్ రొద తగ్గవచ్చును. ఈక్వలైజరును అతిగా పెంచినచో, 16 బిట్లలోని గరిష్ఠసంఖ్య 32,767ను దాటలేక తరంగపు శిఖరములు తెగి, ధ్వని బొంగురుపోవును. ఇక రెండు సాఫ్టువేరులు అవే అంకెలను మార్పు లేక డాక్‌నకు పంపుచున్నచో, వానిలో ఒకటి మధురము, మరియొకటి కటువు అనుట భ్రమ.

భ్రమను పరీక్షింపవచ్చును. కొంచెము బిగ్గరగా నున్న దానినే చెవి మేలైనదనును గావున, మొదట రెండు ప్రతుల బిగ్గరను సమానము చేయవలెను. ఉపాధ్యాయుడు నాణెమెగురవేసి, బొమ్మయైన ఒక ప్రతిని, బొరుసైన రెండవదానిని, ఏదియో చెప్పక వినిపింపవలెను. విద్యార్థి పది పర్యాయములలో తొమ్మిది లేక పది సరిగా చెప్పినచో, అది కేవలము ఊహవలన జరుగు అవకాశము 1024లో 11 మాత్రమే. అపుడు భేదము నిజమని నమ్మవచ్చును. ఐదారు మాత్రమే సరియైనచో, అతడు విన్నది పేటికపై వ్రాసిన అంకెను గాని నాదమును కాదు.

కావున పాత సంగీతమును కంప్యూటరులో నుంచువారినుండి మనము కోరవలసినది మరిన్ని బిట్లు కాదు. ఏ ముల్లు వాడిరి, ఎన్ని చుట్లకు త్రిప్పిరి, బుస నెంతవరకు తీసిరి అను మూడు వివరములు ప్రతి రికార్డు ప్రక్కను వ్రాయవలెను. సవరింపని మూలప్రతిని కూడ ఉంచవలెను. ఆ వివరములు లేని ప్రతిని విని, నాయుడుగారి కమానుపై తీర్పు చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు.