ఒకటింపావు అంగుళం గుమ్మం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్లేవాళ్లకు మేడల పై అంతస్తుల గోడలు కనిపిస్తాయి. 2018 సెప్టెంబర్‌లో ఈ దారిలో రైలు మొదలైనప్పటి నుంచీ నేను ఆ గోడల్నే చూస్తున్నాను. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, అద్దాలు, ఏసీపీ షీట్లు, పుట్టీ పెట్టి నున్నగా రుద్దిన గోడలు. చైతన్యపురి దాటి విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వచ్చేదాకా వెతికినా పిచ్చుక దూరేంత సందు కనపడదు.

చెట్టును తొలుచుకునే ముక్కు వడ్రంగిపిట్టకుంది, పిచ్చుకకు లేదు. ఎవరో చేసిపెట్టిన కన్నం దొరికితేనే దానికి సంసారం. పెంకుటింటి వాసాల సందులు, చూరు కింది ఖాళీలు, గోడకు వాల్చి కట్టిన పటాల వెనక జాగా, ఇవన్నీ మన ఇళ్లే దానికి ఇచ్చాయి. అందుకే చెక్కతో గూడుపెట్టె చేయడాన్ని నేను పుణ్యకార్యాల లెక్కలో వేయను. సిమెంటు పెట్టి మూసేసిన సందును తిరిగి తెరవడం అది.

అయితే ఆ పెట్టె పిచ్చుక కొలతల్లో ఉండాలి. దుకాణాల్లో అమ్మే రంగురంగుల బొమ్మ గూళ్లు మన బాల్కనీ అందం కోసం చేసినవి. వాటికి రేకు కప్పు ఉంటుంది, మే నెల ఎండకు లోపల గుడ్లు ఉడికిపోతాయి. రంగు వాసన వేరే. గుమ్మం కింద ముచ్చటగా ఒక పుల్ల కూడా బిగిస్తారు.

నేను పెట్టె చేయిస్తున్నప్పుడు ఆ పుల్ల గురించి మా వడ్రంగి మేస్త్రీతో చాలాసేపు మాట్లాడాల్సి వచ్చింది. "కూసోడానికి పుల్ల లేకపోతే పిట్ట ఎట్ల వస్తది సార్?" అని ఆయన అనుమానం. వద్దన్నాను. పిచ్చుక నేరుగా కన్నం అంచునే పట్టుకుని లోపలికి దూరుతుంది, దానికి మెట్టు అక్కర్లేదు. పుల్ల ఉంటే పనికొచ్చేది దాని శత్రువులకే. ఆయన ఒప్పుకున్నాడు కానీ, చిత్రిక మాత్రం పట్టబోయాడు. అదీ ఆపాను. రంపం కోసిన చెక్క గరుకుగా ఉండటమే పిట్టకు సుఖం. ముందు పలక లోపలి వైపు, గుమ్మం కింద, ఉలితో అడ్డంగా గాట్లు పెట్టమన్నాను. ఎగరబోయే పిల్లలు వాటిని పట్టుకునే పైకెక్కాలి.

గుమ్మం ఒకటింపావు అంగుళం, అంటే 32 మిల్లీమీటర్లు. అందులో పిచ్చుక పడుతుంది, గోరింక పట్టదు, పావురం సంగతి చెప్పనక్కర్లేదు. ఇంకో అర అంగుళం పెంచితే ఇల్లు గోరింకల పాలవుతుంది. పెట్టె అడుగుభాగం అయిదంగుళాల చదరం. అడుగు నుంచి గుమ్మం అంచు దాకా కనీసం అయిదంగుళాల ఎత్తు ఉంటే పిల్లలు జారి పడవు, పిల్లి పంజా అంత లోపలికి అందదు. అడుగున మూలల్లో నాలుగు చిన్న బెజ్జాలు, కప్పు కింద గాలికి రెండు. కప్పు ముందుకు వాలి రెండంగుళాలు బయటికి రావాలి. బందు బిగించి తెరుచుకునేలా చేస్తే పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డి తీసి శుభ్రం చేయొచ్చు.

చెక్క మందం ముప్పావు అంగుళానికి తగ్గకూడదని నా పట్టుదల. మన ఎండ అలాంటిది. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నప్పుడు యాపిల్ పెట్టెల చెక్క చవగ్గా దొరికేది. మార్కెట్ బాటసింగారానికి పోయింది, యాపిల్ అట్టపెట్టెల్లోకి మారింది. దొరికినా ఆ పలక మరీ పల్చన. పాత సామాన్ల దుకాణంలో ప్యాలెట్ చెక్క తీసుకునేవాళ్లు దానిమీది ముద్ర చూడండి. ‘హెచ్‌టీ’ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, వాడొచ్చు. ‘ఎంబీ’ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టింది, గుడ్లు పెట్టే చోటికి అది వద్దే వద్దు.

తగిలించే చోటు తూర్పు గోడో ఉత్తరం గోడో, సజ్జ నీడన, మనిషికి అందనంత ఎత్తులో. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేడి గాలి కొట్టే వైపు కూడదు. పిచ్చుకలు నలుగురితో కలిసి బతికే జాతి కాబట్టి పక్కపక్కనే రెండు మూడు పెడితే మేలు.

పిచ్చుక దేశమంతా అంతరించిపోతోందన్నది నిజం కాదు. 2020లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక పాతికేళ్లకు పైగా దేశం మొత్తమ్మీద వాటి సంఖ్య దాదాపు నిలకడగానే ఉందని చెప్పింది. తగ్గుతున్నది ఆరు మహానగరాల్లో, అందులో మన హైదరాబాద్ ఒకటి. సెల్ టవర్ల మీద నెపం వేయడానికి సరైన ఆధారం లేదని కూడా చెప్పింది. టవర్‌ను తిట్టి ఊరుకోవడం మనకు తేలిక. పురుగుమందు డబ్బా పక్కన పెట్టడం కష్టం.

పెట్టె ఎంత బాగా కుదిరినా ఆకలి తీర్చదు మరి. గింజలు తినే పిట్టే అయినా పుట్టిన పిల్లలకు మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే పెడుతుంది. కుండీల్లోని ప్రతి ఆకుకూ మందు కొట్టే ఇంట్లో గుడ్లు పొదగొచ్చు గానీ పిల్లలు బతకవు. పొదగడానికి 11 నుంచి 14 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు. ఆ నెల రోజులు ఒక మందారం, ఒక కరివేపాకు చెట్టు, ఏదో ఒక తీగ, మందు లేకుండా ఉంటే చాలు. గోదావరి జిల్లాల వాళ్లు గుమ్మానికి కట్టే వరి కుచ్చు ఇక్కడా కట్టొచ్చు. వేలాడే కంకి మీద పిచ్చుక వాలగలదు, పావురం వాలలేదు. డాబా మీద గింజలు గుమ్మరిస్తే మాత్రం వచ్చేది పావురాల మందే.

మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం. బడుల్లో ఆ రోజు పెట్టెలు పంచుతారు, ఫొటోలు దిగుతారు. ఆ సరికే గూళ్లు కట్టుకునే హడావిడి మొదలై ఉంటుంది. సంక్రాంతి వెళ్లగానే మీ గోడకు తగిలించండి. గడ్డిపరకలు మోసుకెళ్లడం కనిపిస్తే ఆ మూత జోలికి పోకండి, పిల్లలకు చూపించడానికైనా సరే. మొదటి ఏడు ఒక్క పిట్టా రాకపోయినా పెట్టె తీసేయకండి.