బుచ్చమ్మ మౌనానికీ ముక్తాబాయి మాటకూ మధ్య

'కన్యాశుల్కం' చివర బుచ్చమ్మను చదువుకోవడానికి పూనా పంపిస్తారు. 1909 నాటి రెండో కూర్పులో సౌజన్యారావు పంతులు చేసే ఏర్పాటు ఇది. ఆమె విడోస్ హోమ్‌లో చేరాలి, చదువు నేర్చుకోవాలి. గురజాడ సంస్కరణ దృష్టికి నిదర్శనంగా ఈ ముగింపును మన విమర్శకులు ఎన్నోసార్లు ప్రస్తావించారు. పెళ్ళి కంటే చదువును ముందుంచాడని మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. అయితే ఆ ఏర్పాటు గురించి మాట్లాడుకుంటున్నప్పుడు బుచ్చమ్మ అక్కడ లేదు. ఆమె ఏం చదవాలనుకుంటోందో, అసలు చదవాలనుకుంటోందో లేదో ఎవరూ అడగరు.

నాటకంలో బుచ్చమ్మకు దొరికిన మొదటి టీచరు గిరీశం. వెంకటేశానికి చదువు చెప్పే వంకతో అగ్రహారం చేరినవాడు ఆమెకు చెప్పిన పాఠం వితంతు వివాహం. ఆ పాఠం వెనకున్న స్వార్థాన్ని గురజాడ మనల్ని నవ్విస్తూనే బట్టబయలు చేశాడు. సౌజన్యారావుది అలాంటి మోసం కాదు, నిజాయితీ. కానీ ఇద్దరి దగ్గరా బుచ్చమ్మ చేయవలసిన పని ఒకటే, వినడం. 1910లో వచ్చిన 'దిద్దుబాటు'లో కమలిని ఎదురు తిరిగి భర్తకే పాఠం చెప్పింది కదా అనొచ్చు. నిజమే. కానీ ఆ పాఠం ఒక ఇంట్లో, ఒక భర్తను దారిలో పెట్టడంతో ముగిసిపోతుంది. చదువుకున్న స్త్రీ సమాజాన్ని ప్రశ్నిస్తే ఆ గొంతు ఎలా ఉంటుందో తెలియాలంటే మనం బుచ్చమ్మ కంటే ముందే పూనా వెళ్ళాలి.

ఆ ఊళ్ళో ధోండో కేశవ్ కర్వే 1896లో స్థాపించిన వితంతు శరణాలయం ప్రధానంగా బ్రాహ్మణ వితంతువులకు ఆశ్రయమిచ్చింది. అంతకు దాదాపు యాభై ఏళ్ళ ముందే, 1848లో, అక్కడి భిడే వాడాలో జోతిబా ఫూలే, సావిత్రీబాయి కలిసి ఆడపిల్లల బడి తెరిచారు. అస్పృశ్యులుగా చూడబడిన మహర్, మాంగ్ కులాల పిల్లల కోసం కూడా ఆ తర్వాత బడులు పెట్టారు. బడికి వెళ్తున్న సావిత్రీబాయి మీద పేడ, రాళ్ళు విసిరేవారని, ఆమె మార్చుకోవడానికి ఇంకో చీర వెంట తీసుకెళ్ళేదని మనందరం విన్నదే. ఈ ఒక్క దృశ్యం దగ్గరే మనం ఆగిపోతున్నాం. ఓర్చుకున్న టీచరమ్మ మనకు తెలుసు. ఆమె ఏం ఆలోచించింది, ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు ఏం రాశారు అన్నది అంతగా తెలియదు.

ఆమె జోతిబాకు రాసిన మూడు ఉత్తరాలు ఇప్పుడు మనకు దొరుకుతున్నాయి. 1856 నాటి ఉత్తరం పుట్టింటి నుంచి రాసింది. జబ్బు చేసి అక్కడ ఉన్నప్పుడు, మహర్, మాంగ్ పిల్లలకు చదువు చెప్పి కులభ్రష్టులయ్యారని సోదరుడు ఆమెను తప్పుబడతాడు. ఆమె ఏడవదు, వాదిస్తుంది. తాను లేకపోవడం వల్ల పనిభారమంతా ఫాతిమా మీద పడి ఉంటుందని, ఆమె అర్థం చేసుకుంటుందని అదే ఉత్తరంలో రాస్తుంది. 1868 నాటి ఉత్తరంలో ఒక బ్రాహ్మణ యువకుడు, అతనివల్ల గర్భవతి అయిన మహర్ అమ్మాయి కనిపిస్తారు. ఇద్దర్నీ చంపడానికి ఊరు సిద్ధమైతే సావిత్రీబాయి అడ్డుపడి వాళ్ళను కాపాడుతుంది. 1877 నాటిది కరువు గురించి. మూడింట్లోనూ పలకాబలపం దాదాపు కనిపించవు. అయినా అవి ఒక టీచరు రాసిన ఉత్తరాలే. బడి గడప దగ్గర తన ఉద్యోగం అయిపోతుందని ఆమె అనుకోలేదు.

అయితే ఆమె పనిని కొలవడానికి ఈ ఉత్తరాలకంటే గట్టి ఆధారం ఇంకొకటుంది. అది ఆమె రాసింది కాదు. 1855లో 'జ్ఞానోదయ' అనే మరాఠీ క్రైస్తవ పత్రికలో మహర్, మాంగ్‌ల దుఃఖం గురించి ఒక వ్యాసం అచ్చయింది. రాసింది ముక్తాబాయి, ఫూలేల బడిలో చదువుకున్న మాంగ్ పిల్ల, పద్నాలుగేళ్ళు దాటని పిల్ల. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో దాని ఇంగ్లీషు అనువాదం ఉంది.

ఆ వ్యాసం వినయంగా అప్పజెప్పిన పాఠంలా ఉండదు. వేదాలు మీవేనని, మేం చదవకూడదని అంటున్నారు కాబట్టి మాకు మతమే లేదన్నమాట, మరి మా మతమేదో చెప్పమని నిలదీస్తుంది. ఒకరికే హక్కులిచ్చి మిగిలినవాళ్ళకు లేకుండా చేసే మతం భూమ్మీద ఉండనక్కర్లేదంటుంది. మాంగ్, మహర్‌లను భూముల నుంచి తరిమేసిన సంగతి, భవనాల పునాదుల్లో పూడ్చిపెట్టిన సంగతి రాస్తుంది. పీష్వాల కాలంలో తాలింఖానా ముందు నుంచి నడిచినందుకు వాళ్ళ తలలు తెగిన సంగతీ రాస్తుంది.

వీటికంటే నన్ను ఎక్కువగా ఆపేవి రెండు చోట్లు. ఒకటి, పైకప్పు లేని ఇంట్లో, వానలో, చలిలో పురుడు పోసుకునే మాంగ్, మహర్ స్త్రీల బాధ. ఆ సమయంలో జబ్బు చేస్తే వైద్యుడికివ్వడానికి డబ్బెక్కడిదని అడుగుతుంది. ఆ రోజుల్లో సంస్కర్తలు చర్చిస్తున్న స్త్రీ సమస్య వేరు. మరుసటి ఏడాది, 1856లో, వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. సంస్కరణ గ్రంథాల్లో స్త్రీ అంటే ఎక్కువగా అగ్రవర్ణ వితంతువే, మన బుచ్చమ్మే. ముక్తాబాయి ఎవరి అనుమతీ అడక్కుండా ఆ జాబితాలో కప్పులేని ఇంటి బాలింతను చేర్చింది. రెండోది, బ్రాహ్మణ పిల్లలు రాళ్ళతో కొట్టినా ఫిర్యాదు చేయలేని పిల్లల సంగతి. మిగిలిపోయిన అన్నం కోసం అమ్మ ఆ ఇళ్ళకే వెళ్ళాలి కనక వాళ్ళు నోరు మెదపలేరు. కులానికీ ఆకలికీ తల్లి పనికీ పిల్లల మౌనానికీ ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా విప్పిన వాక్యాలు మన సంస్కరణ సాహిత్యంలో ఎన్ని ఉన్నాయి?

ఇందులో ముక్తాబాయి గొంతు ఎంత, బడి నేర్పిన గొంతు ఎంత అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. వ్యాసం బ్రిటిష్ పాలనను పొగుడుతుంది, చదువే అన్నిటికీ మందని చెప్తుంది, మిషనరీ పత్రికలో వచ్చింది. ఇవన్నీ ఆనాటి సంస్కర్తల భాషలోవే. కానీ సావిత్రీబాయి తోటపని వృత్తిగా గల మాలీ కులంలో పుట్టింది. శూద్ర స్త్రీగా అవమానాలు ఎరుగును గానీ, మాంగ్ వాడలోని పురిటినొప్పులు ఆమె బోధించగలిగేవి కావు. అవి ఆ పిల్ల వాడలోంచి తెచ్చుకున్నవి. టీచరు ఇచ్చింది అక్షరాలు. దాంతోపాటు ఇంకోటి కూడా ఇచ్చింది, వాడలోని బతుకు బడిలో రాయదగిన విషయమేనన్న నమ్మకం. విద్యా సంస్కరణలో టీచరు పాత్ర అని మనం దేన్నైతే అంటున్నామో అది నాకు ఇక్కడ కనిపిస్తుంది. తనకు తెలియని సంగతిని విద్యార్థి నోట వినడానికి, అది అచ్చులోకి వెళ్ళడానికి దారి విడవడం.

చదువు చెప్పేది ఎవరన్న ప్రశ్నను ఫూలేలు తమ ఇంటితో వదిలేయలేదు. 1882లో హంటర్ కమిషన్‌కిచ్చిన వినతిపత్రంలో జోతిబా, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు దాదాపు అందరూ బ్రాహ్మణులేనని ఎత్తిచూపి, సాగు చేసుకునే కులాల నుంచి శిక్షణ పొందినవాళ్ళను తీసుకోవాలని, నెల జీతం 12 రూపాయలకు తగ్గకూడదని కోరాడు. టీచరు ఎక్కడి నుంచి వచ్చింది, ఆమెకు ఎంతిస్తున్నారు అన్నవి లెక్కల వ్యవహారంగా కనిపిస్తాయి. తరగతిలో ఏ మాట పలకడానికి వీలుంటుందో తేల్చేవి అవే.

2020 జాతీయ విద్యావిధానం సంస్కరణలకు కేంద్రం టీచరేనని ప్రకటించింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం సావిత్రీబాయి పుట్టినరోజు జనవరి 3ను మహిళా ఉపాధ్యాయుల దినంగా జరపాలని నిర్ణయించింది. సంతోషమే. అదే 2025లో ఫూలేల జీవితం మీద తీసిన హిందీ సినిమా విడుదల కావడానికి ముందు, మహర్, మాంగ్ అనే మాటలు తీసేయమని సెన్సారు బోర్డు అడిగింది. ముక్తాబాయి తన వ్యాసానికి ఆధారం చేసుకున్నవి ఆ రెండు మాటలే. టీచరుకు దండ వేసి, విద్యార్థి రాసిన మాటను కొట్టేశారన్నమాట.

ఇది ప్రభుత్వాల తప్పు మాత్రమే కాదు. మన తెలుగు శాఖల్లో 'కన్యాశుల్కం' చెప్పినప్పుడు బుచ్చమ్మను పూనా రైలెక్కించి పుస్తకం మూసేస్తున్నాం. ముక్తాబాయి వ్యాసాన్ని దాని పక్కనే పెట్టి చదివితే సౌజన్యారావు ఔదార్యం తక్కువైపోదు. దాని పరిమితి మాత్రం తెలుస్తుంది. వితంతువును బాగుచేయాలనుకున్న సంస్కరణకూ, మాంగ్ పిల్లను మాట్లాడనిచ్చిన సంస్కరణకూ తేడా తెలుస్తుంది. ఆ తేడాను పట్టుకోవడానికి స్త్రీవాద విమర్శకు దళిత స్త్రీల రచనలే దారి చూపించాయి.

బళ్ళలోనూ జనవరి 3న టీచర్లను శాలువాలతో సత్కరించడంతో సరిపెట్టకుండా, పిల్లలకు తెల్లకాగితాలిచ్చి తమ బడి గురించి రాయమంటే బాగుంటుంది. మరుగుదొడ్లు ఏ పిల్లల చేత కడిగిస్తున్నారో, మధ్యాహ్న భోజనం ఎవరు వండితే ఎవరు తినడం లేదో, నెలసరి రోజుల్లో ఎంతమంది ఆడపిల్లలు బడి మానేస్తున్నారో వాళ్ళు రాస్తారు. కొన్ని కాగితాల్లో టీచర్ల పేర్లు కూడా ఉంటాయి. ఆ కాగితాలను చింపేయకుండా స్టాఫ్ రూములో బిగ్గరగా చదివే టీచరమ్మకు ఏ పురస్కారమూ రాకపోవచ్చు, బదిలీ ఉత్తర్వు రావచ్చు. అప్పుడు ఆమె పక్కన నిలబడడానికి రచయిత్రులుగా, అధ్యాపకులుగా మనం ఎంతమందిమి సిద్ధంగా ఉన్నాం?