డైరీలో చెట్టు, చెట్టు కింద మనిషి

దసరా దాటి చలిగాలి తిరిగాక సైబరాబాద్ సాయంత్రాలకు ఒక ఘాటైన వాసన పడుతుంది. రోడ్ల వెంట వరసగా నాటిన ఏడాకుల పాల చెట్లు పూసే కాలం అది. ఆ వాసనకు తల పట్టుకునేవాళ్లున్నారు, క్యాబ్ వచ్చేదాకా కావాలని ఆ చెట్టు కిందే నిలబడేవాళ్లూ ఉన్నారు. పూత ఏ నెలలో వస్తుందో వృక్షశాస్త్రం చెబుతుంది. ఆ పూత ఎవరిని ఏం చేసిందో ప్రకృతి డైరీ చెప్పాలి. చూసిన చెట్టుతో పాటు చూసిన మనిషి కూడా ఉంటేనే అది డైరీ, లేకపోతే పట్టిక.

పట్టికను నేను తక్కువ చేయడం లేదు. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. భార్య తెహ్మినా ఆయన వెంట ఉన్నారు. సర్వే ఫలితాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో శాస్త్రీయ నివేదికగా వచ్చాయి. ఆ తిరుగుడులో మనుషుల కథ మాత్రం 1985లో అచ్చయిన ఆయన ఆత్మకథ ‘ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో’ దాకా ఆగాల్సి వచ్చింది. పక్షీ మనిషీ ఒకే పుటలో, ఆనాడే కలిసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

అలా కలిపి రాసినవాడు మనకు ఆ సర్వేకు వందేళ్ల ముందే ఉన్నాడు. 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాద్ మీదుగానే వెళ్లారు. దారి ఎలా ఉంది, ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఎక్కడ ఏం దొరుకుతుంది అన్న వివరాలతో పాటు తన పాట్లు, అభిప్రాయాలు కూడా రాసుకుంటూ పోయారు. ‘కాశీయాత్ర చరిత్ర’ ఈనాటికీ చదివిస్తోందంటే, ఆ దారి మీద నడిచిన మనిషి అందులో కనబడటం వల్లే.

ఇప్పుడు పద్ధతి సంగతి. నా నోటుబుక్కులోని ఒక పుట ఇది:

‘స్వాతి కార్తె. సాయంత్రం ఆరున్నర. ఆఫీసు వెనక గేటు. ఏడాకుల పాలకు వీధిదీపం వైపు కొమ్మలకే పూత. పూలు ఆకుపచ్చ కలిసిన తెలుపు, గుత్తి పిడికెడంత. మీటింగులో మాట పడి వచ్చాను, మెడ బిగుసుకుపోయి ఉంది. వాసన ముందు చిరాకు పుట్టించింది, బస్సొచ్చేసరికి అలవాటైంది. దీపం వైపే ఎందుకు పూసింది?’

వేళ, చోటు ముందే పడ్డాయి. తర్వాత కంటికి కనబడింది. ఆ తర్వాతే ఒంటి సంగతి, మనసు సంగతి. ఈ వరస తప్పితే మన చిరాకు పోయి చెట్టు రంగు మీద పడుతుంది. ‘అందంగా ఉంది’ అని రాసి వదిలేస్తే ఏడాది తర్వాత ఆ మాట మనకే ఏమీ చెప్పదు. ‘మెడ బిగుసుకుపోయి ఉంది’ అన్నది చెబుతుంది. ఆ రోజు వాసన ఘాటుగా తోచడానికి పూత ఎంత కారణమో, నా మెడనొప్పి ఎంత కారణమో తూచుకోవచ్చు. చివరన ఒక ప్రశ్న ఉంటే రేపు మళ్లీ అదే చెట్టు దగ్గరికి వెళ్లడానికి పని ఉంటుంది. బొమ్మ రాకపోయినా గీయాలి. ఆకు అంచు గీస్తే తప్ప అది ఎలా ఉందో మనం సరిగా చూడం.

తేదీ పక్కన కార్తె రాసుకోవడం నాకు చాలా ఇష్టం. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు. ఏసీ గదుల్లో, అమెరికా వేళలకు పనిచేసేవాళ్లకు వానా ఎండా తెలియకుండానే గడిచిపోతాయి. పుట మీద ‘మృగశిర’ అని పడగానే ఆకాశం వంక చూడాలనిపిస్తుంది. ఆరుద్రలో ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగు కనబడకపోతే, ‘ఈసారీ లేదు’ అని అదీ రాయాలి. తెలియని మొక్క ఫొటో అమ్మకు పంపి, ఆమె చెప్పిన పేరు, చిన్నప్పుడు దాన్ని దేనికి వాడేవారో ఆమె మాటల్లోనే ఎక్కించాలి. బొటానికల్ గార్డెన్ బోర్డు మీద ఆ సంగతి దొరకదు.

ఇక్కడ ఈ పని ఎందుకు ముఖ్యమో 2025 చెప్పింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని నాలుగు వందల ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. అక్కడి జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్ల గురించి ఊరంతా మాట్లాడుకుంది. అక్కడ ఏమేం ఉన్నాయో చెప్పడానికి జాబితాలు కావాలి. కానీ హాస్టల్ నుంచి తెల్లవారుజామున నడిచి వెళ్లి నెమలిని చూసినవాడికి ఆ చోటు ఏమిటన్నది ఏ జాబితాలోనూ ఉండదు. అది అతను రాస్తేనే ఉంటుంది. ఖాజాగూడ రాళ్ల దగ్గర, దుర్గం చెరువు గట్టున, మన అపార్ట్‌మెంట్ ఎదుటి కానుగ కింద కూడా రాయాల్సింది రోజూ అక్కడ తిరిగేవాళ్లే.