చెంచుల అల్లుడు, సరస్వతి చిలుక

కనుమ పండుగకు అహోబిలంలో స్వామి పల్లకీ ఎక్కుతాడు. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకీలో కూర్చుని ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతారు. సుమారు నలభై రోజులు సాగే ఈ తిరునాళ్ళ పేరు పార్వేట. ప్రతి ఊళ్ళో పల్లకీ దించే అరుగు ఉంటుంది, దాన్ని తెలుపు అంటారు. స్వామి తమ తెలుపు మీద కొలువుండే పూట ఊరంతా చుట్టాలను పిలుచుకుంటుంది. పేరుకు వేటే గానీ స్వామి బయల్దేరిన పని వేరు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, అందులో తన పెళ్ళి. ఆ పెళ్ళికి రమ్మని ఊరూరా పిలవాలి. పెళ్ళికొడుకే శుభలేఖలు పంచుకుంటూ తిరగడం మన ఇళ్ళలో ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ అదే మర్యాద.

భాగవతం తెలిసినవాళ్ళకు ఇక్కడో చిక్కు ఎదురుకావాలి. పగలూ రాత్రీ కాని వేళ, ఇంటా బయటా కాని గడప మీద హిరణ్యకశిపుడు చచ్చాడు. ప్రహ్లాదుడు స్తుతించాడు, స్వామి శాంతించాడు. పోతన సప్తమ స్కంధంలో అక్కడితో ఆ ఘట్టం ముగిసింది. మరి ఈ పెళ్ళి ఎక్కడిది? పార్వేటలో విల్లంబులతో వచ్చి బాణాలు వేసే చెంచులు ఎవరు?

నల్లమలలో చెప్పే కథలో స్వామి కోపం అంత తేలిగ్గా దిగలేదు. అడవిలో తిరిగీ తిరిగీ ఒక చెంచు పిల్లను చూసి ఆగిపోయాడు. పిల్లనివ్వమని అడిగితే చెంచులు ఊరికే ఇవ్వలేదు. తేనె తీయగలవా, గడ్డలు తవ్వగలవా, గురి చూసి కొట్టగలవా అని పరీక్షలు పెట్టారు. వైకుంఠం వదిలి వచ్చినవాడు ఆ పనులన్నీ నేర్చుకుని చెంచుల అల్లుడయ్యాడు. 1958లో అక్కినేని, అంజలీదేవి నటించిన 'చెంచులక్ష్మి'తో ఈ కథ తెలుగునాడంతా తిరిగింది. కొండ మీద అంతకు ముందు ఎన్ని తరాలుగా తిరుగుతూ ఉందో.

ఈ రెండు కథలనూ కలిపిన మనిషి పేరు ఎక్కడా మిగల్లేదు, చేతి పని మాత్రం మిగిలింది. పాత కథలో స్తంభాన్ని గానీ గోళ్ళను గానీ గడపను గానీ అతను ముట్టుకోలేదు. అంతటి కోపం ఏమై ఉంటుందన్న ఒక్క సందు దొరికితే అందులోంచి అడవిని లోపలికి తెచ్చాడు. తెచ్చి, రెండు కథలకూ వియ్యం కలిపాడు. ప్రపంచంలో వేరే దారులూ ఉన్నాయి. గ్రీకుల జ్యూస్‌ను రోమన్లు తమ జూపిటర్‌గా లెక్కగట్టారు. అలా లెక్కగడితే ఇద్దరు దేవుళ్ళు ఒక్కడవుతారు, ఒకరి ఊరూ పేరూ క్రమంగా మాసిపోతాయి. వియ్యంలో ఆ బాధ లేదు, రెండు ఇళ్ళూ ఉంటాయి. చెంచులక్ష్మి లక్ష్మీదేవి అవతారమేనంటారు, ఆమెను చూసి ఆదిలక్ష్మి అలిగిందనీ అంటారు. తర్కానికి ఒప్పని మాట. కాపురానికి ఒప్పుతుంది.

వియ్యం కలిశాక రాకపోకలు తప్పవు. అహోబిలం తొమ్మిది నరసింహ క్షేత్రాల్లో తిరిగితే పక్క కథలవాళ్ళు ఎంతమంది ఎదురొస్తారో! కానుగ చెట్టు కింద కారంజ నరసింహుడి దగ్గర హనుమంతుడు తపస్సు చేశాడు. నరసింహుడు ప్రత్యక్షమైతే, నాకు రాముడు కావాలని మొండికేశాడు. అందుకే అక్కడి మూర్తి చేతిలో విల్లు ఉంటుంది. భార్గవ నరసింహుడి దగ్గర తపస్సు చేసినవాడు పరశురాముడు. ఒక అవతారం వెనకటి అవతారాన్ని చూడాలని కూర్చోవడమన్నమాట. ఛత్రవట నరసింహుడి దగ్గర హాహా హూహూ అనే గంధర్వులు పాడుతుంటే స్వామి చేత్తో తాళం వేస్తుంటాడు. పేగులు మెడలో వేసుకున్నవాడి చేత తాళం వేయించిన శిల్పికి నా దండం. కొండ మీద ఉగ్రస్తంభం అనే నిలువు రాతికొమ్మును చూపి స్వామి చీల్చుకొచ్చింది దీన్నే అంటారు, రక్తకుండాన్ని చూపి చేతులు కడిగింది ఇక్కడే అంటారు. కథకు గుర్తు కావలసిన చోటల్లా కొండ ఒక రాయినో ఒక మడుగునో ఇచ్చింది. ఇంకాస్త దూరం జరిగి చూస్తే నల్లమలే ఆదిశేషుడు. తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం. శైవమూ వైష్ణవమూ ఒకే పాము వీపు మీద సర్దుకున్నాయి.

నంద్యాల చుట్టూ ఉన్న నవనందులదీ ఇదే వరస. కార్తికంలో ఒక్క రోజులో తొమ్మిదింటినీ చుట్టి వస్తారు. అన్నీ శివుడి గుళ్ళే, పేర్లలో మాత్రం సూర్యుడు, చంద్రుడు, కృష్ణుడు, వినాయకుడు అందరూ ఉన్నారు. నాగనందీ గరుడనందీ ఒకే వరుసలో ఉండటం నాకు భలే ఇష్టం. పుట్టు శత్రువులిద్దరికీ ఇంటిపేరు నంది.

ఊళ్ళూ కొండలూ కొన్ని వందల ఏళ్ళు పట్టి చేసిన ఈ పనిని నంద్యాల నీడలో ఒక్క కవి ఒక్క పుస్తకంలో చేశాడు. 16వ శతాబ్దపు పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాసి నంద్యాల పాలకుడు కృష్ణరాజుకు అంకితమిచ్చాడు. సూరనను కృష్ణదేవరాయల అష్టదిగ్గజాల్లో ఒకడిగా లెక్కపెట్టడం మనకు అలవాటు. ఈ కావ్యం వెలుగు చూసింది మాత్రం నంద్యాల కొలువులో. పురాణంలోనో ఇతిహాసంలోనో ఉన్న కథను పెంచి కావ్యం చేయడం ఆనాటి వాడుక. సూరన పురాణాల నుంచి మనుషుల్నే తెచ్చుకున్నాడు, కథను తనే కల్పించాడు.

కథ ద్వారకలో మొదలవుతుంది. తోటలో కలభాషిణి ఉయ్యాల ఊగుతోంది. పైన ఆకాశంలో నారదుడూ అతని శిష్యుడు మణికంధరుడూ పోతున్నారు, విమానంలో రంభా నలకూబరులు పోతున్నారు. కలభాషిణి, మణికంధరుడు తప్ప పెద్దలంతా మనకు తెలిసినవాళ్ళే. రంభ నలకూబరుడి ప్రియురాలన్నది రామాయణం నాటి మాట. తుంబురుడి పాటను చూసి నారదుడు కుళ్ళుకోవడమూ పాత ముచ్చటే. సూరన వాళ్ళ గుణాలు మార్చలేదు. నారదుడికి తుంబురుడి మీద అసూయ ఉందా, అయితే సంగీతం నేర్చుకోవడానికి కృష్ణుడి అంతఃపురానికి పంపాడు. రంభకు అందం మీద గర్వం ఉందా, అయితే ఆమె ఎదుట అచ్చం ఆమెలాంటి మరో రంభను నిలబెట్టాడు. ఇద్దరు రంభలూ పోట్లాడుకుంటారు. వీళ్ళ మధ్య సూరన సొంత మనుషులు, సింహమెక్కి ఆకాశంలో తిరిగే మణిస్తంభుడు, అతని భార్య సుముఖాసత్తి, ఎప్పటి నుంచో పురాణంలో ఉన్నట్టే తిరుగుతుంటారు. కొత్తవాడు పాతవాళ్ళ మధ్య బెరుకు లేకుండా తిరగాలంటే పాతవాళ్ళు తమ గుణం తప్పకూడదు. సూరన కిటుకు ఇదేనని నా లెక్క.

అసలు ముడి వేరే ఉంది. ఈ కథ ఒకప్పుడు బ్రహ్మ సరస్వతితో ఏకాంతంలో సరసంగా చెప్పింది. పాత్రల పేర్లన్నీ తమ సరసానికే ముసుగులని ఆమె పసిగట్టింది. భూమ్మీద ఎవరూ చెప్పకూడని కథ అది. చిలుక ఒకటి వింది. చిలుక విన్నాక దాగే కథ ఉంటుందా? పైగా బ్రహ్మ నోటి మాట, ఊరికే పోదు. పాత్రలు ఒక్కొక్కటిగా భూమ్మీద పుట్టాయి. మణికంధరుడు కళాపూర్ణుడనే రాజయ్యాడు, కలభాషిణి మధురలాలస అయింది. పసిబిడ్డగా ఉన్న మధురలాలస, ఒక మణి ఒంటికి తగలగానే వెనకటి జన్మల కథంతా విప్పి చెబుతుంది. అహోబిలంలో రెండు లోకాలను పెళ్ళి కలిపితే, సూరన దగ్గర వాటిని పుట్టుక కలుపుతుంది.

1914లో కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము'లో ఈ కావ్యాన్ని తలకెత్తుకున్నాడు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 'ది సౌండ్ ఆఫ్ ది కిస్' పేరుతో ఇంగ్లీషులోకి తీసుకెళ్ళారు. 2024లో 'హను-మాన్', 'కల్కి 2898 ఏడీ' వచ్చినప్పుడు తెలుగు సినిమాకు 'యూనివర్స్' దొరికిందని సంబరపడ్డాం, నేనూ చప్పట్లు కొట్టాను. ఒక పాత్ర ఇంకో సినిమాలో తొంగిచూస్తే ఈల వేసే కుర్రాడికి నంద్యాల కావ్యంలోని రెండు రంభల పోట్లాట ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు.

నంద్యాల జిల్లాలోనే మరో మూల, బనగానపల్లె దగ్గర, కథలు రేపటితో వియ్యమందాయి. గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానం రాశాడని ఆ సీమ నమ్మకం. యాగంటి బసవన్న పెరుగుతున్నాడనీ, కలి అంతంలో లేచి రంకె వేస్తాడనీ అందులో ఉందంటారు. ఒకప్పుడు ఆ నంది చుట్టూ ప్రదక్షిణం చేసేవాళ్ళమనీ, ఇప్పుడు స్తంభాల మధ్య చోటు చాలడం లేదనీ పెద్దవాళ్ళు చెబుతారు. రాయి పెరగడం గురించి నన్ను అడగకండి. కానీ రాబోయే దానికి గురుతుగా ఎక్కడో ఆకాశంలోని చుక్కను చూపకుండా, పక్కూరి గుళ్ళో అందరూ చేత్తో తడిమిన నందిని చూపడంలో గడుసుతనం ఉంది. కథ నిజమో కాదో జనం ఏటా వెళ్ళి కొలిచి చూసుకుంటున్నారు. ఆ వీరబ్రహ్మం కథలో ముఖ్య శిష్యుడు దూదేకుల సిద్దయ్య. నవాబులు ఏలిన బనగానపల్లె సీమలో ఆ గురుశిష్యుల కథ కూడా ఒక వియ్యమే.

ఆళ్ళగడ్డ రోడ్ల పక్కన శిల్పుల పాకలున్నాయి. రాతి పొడి తెల్లగా పేరుకున్న ఆవరణలో ఒక నంది, దాని వీపుకు ఆనించి ఓ హనుమంతుడు, పక్కనే కండువా వేసుకున్న ఏ ఊరి నాయకుడో. అందరి మీదా ఒకే దుమ్ము. మూలన ఇంకా మొహం తేలని రాయి ఒకటి నిలబడి ఉంది. ఏ కథలోకి పోతుందో చూసి చెప్పలేం. నాలుగు చేతులు మాత్రం అప్పటికే తేలాయి.